పసిబిడ్డకు సోకే క్రిములు – ఇంటి పెద్దల బాధ్యత

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడే వేదికపై పురిటిబిడ్డల సంగతి ఎందుకని కొందరికి అనిపించవచ్చు. నేను డాక్టరును కాను, గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. అయితే కూతురు పురిటికి వచ్చినా, కోడలు ప్రసవించినా, బిడ్డ పాలు తాగడం లేదు, ఏం చేద్దామని ముందుగా అడిగేది మనల్నే. "తెల్లవారనీ, చూద్దాం" అనేదీ మనమే. ఆ ఒక్క మాట ఎంత ప్రమాదమో మనవి చేసుకుంటాను.

పుట్టిన మొదటి 28 రోజులలో బిడ్డకు రోగాన్ని ఎదుర్కొనే శక్తి చాలా తక్కువ. నెలలు నిండకుండా పుట్టినవారికి, తక్కువ బరువుతో పుట్టినవారికి మరీ తక్కువ. బాక్టీరియా అనే క్రిములు కొన్ని ప్రసవ సమయంలో తల్లి నుండి వస్తాయి. ఉమ్మనీరు పోయి 18 గంటలు దాటినా, తల్లికి జ్వరం ఉన్నా ఆ భయం ఎక్కువ. మరికొన్ని తరువాత మన చేతుల నుండి, బొడ్డు నుండి ప్రవేశిస్తాయి. అవి రక్తంలో చేరితే సెప్సిస్ అంటారు. అక్కడి నుండి ఊపిరితిత్తులకు, మెదడు పొరలకు పాకడానికి కొన్ని గంటలు చాలు.

పెద్దవాళ్ళకైతే ఇన్ఫెక్షన్ అనగానే జ్వరం వస్తుంది. పసిబిడ్డకు రాకపోవచ్చు, పైగా ఒళ్ళు చల్లబడవచ్చు. రెండేళ్ళ క్రితం మా వీధిలో తొమ్మిది రోజుల మగబిడ్డ పొద్దుటి నుంచి ఏడవకుండా పడుకున్నాడు. "బుద్ధిమంతుడు" అని అందరూ మురిసిపోయారు. టీచరుగా రిటైరైన అమ్మమ్మగారు మాత్రం అరికాలు గీరి చూశారు. బిడ్డ సరిగా కదల్లేదు, రొమ్ము పట్టలేదు, పాదాలు చల్లగా ఉన్నాయి. దిష్టి తీసి ఉదయం వెళదామన్నవారి మాట ఆవిడ వినలేదు. రాత్రి పదకొండు గంటలకు జిల్లా ఆసుపత్రిలోని నవజాత శిశు విభాగానికి తీసుకువెళ్ళారు. రక్తంలో ఇన్ఫెక్షన్ అన్నారు. పద్నాలుగు రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఇప్పుడు వాడు మా అరుగు మీద ఆడుకుంటున్నాడు.

కాబట్టి ఈ గుర్తులు జ్ఞాపకం పెట్టుకోండి. బాగా తాగే బిడ్డ తాగడం మానేయడం. కదిపితే తప్ప కదలకపోవడం. ఫిట్స్ రావడం. డొక్కలు ఎగరేయడం, మూలగడం. నిదానంగా ఉన్నప్పుడు గడియారం పెట్టుకొని నిండా ఒక నిమిషం లెక్కిస్తే శ్వాస 60 లేక అంతకు మించి ఉండడం. ఒంటి వేడి 99.5 డిగ్రీలకు చేరినా, 95.9 కంటే తగ్గినా ప్రమాదమే. బొడ్డు చుట్టూ ఎర్రబడడం, చీము, చర్మంపై చీము పొక్కులు, అరచేతులు, అరికాళ్ళు పచ్చబడడం కూడా చూడాలి. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ గంటలోనే బయలుదేరాలి. ఇది రేపటికి పెండింగు పెట్టే ఫైలు కాదు.

ఇక నివారణ. మా అమ్మకు ఏడుగురం పుట్టి అయిదుగురం మిగిలాం. ఒక తమ్ముడు ఎనిమిదో రోజున దవడలు బిగుసుకొని, విల్లులా వంగి పోయాడు. అది ధనుర్వాతమని, బొడ్డుకు పేడబూడిద అద్దడం వంటి వాటి వల్ల వచ్చేదని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. గర్భిణులకు టీకాలు, శుభ్రమైన ప్రసవాల వల్ల ఆ జబ్బు మన దేశంలో అదుపులోకి వచ్చింది. తల్లులలో, శిశువులలో దానిని నిర్మూలించినట్టు 2015లో ప్రకటించారు. అయినా టీకా మానరాదు, బొడ్డుకు ఏమీ పూయరాదు. డాక్టరు మందు రాస్తే తప్ప పొడిగా వదిలేస్తే అదే ఎండి రాలిపోతుంది.

పుట్టిన గంటలోపే ముర్రుపాలు పట్టించాలి. అది బిడ్డకు మొదటి రక్షణ. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప తేనె, వసకొమ్ము, ఆముదం, పోతపాలు వద్దు. ముక్కులో, చెవిలో నూనె పోయవద్దు. బిడ్డ చనుమొనలు పిండే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. దానివల్ల అక్కడ చీము పట్టే ప్రమాదం ఉంది. మొదటిరోజు స్నానం వద్దు. బిడ్డను తాకే ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ముఖ్యంగా మనం, తాతలం! బారసాల నాడు బిడ్డను చేతులు మార్చి తిప్పడం, దగ్గు, జలుబు ఉన్నవారు ముద్దులాడడం ఆపే అధికారం కూడా పెద్దలదే. పురుడని పది రోజులు పరాయివారిని రానివ్వని పాత పద్ధతిలో ఈపాటి మేలు ఉంది.

ఇవి చిన్న విషయాలని తోసివేయరాదు. గోదావరికి ఆవల, మన సిరివంచ ఉన్న గడ్చిరోలి జిల్లాలో డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ దంపతులు 39 గ్రామాలలో మామూలు పల్లె స్త్రీలకు శిక్షణ ఇచ్చారు. వారు ఇంటింటికీ వెళ్ళి బిడ్డను చూడడం, సెప్సిస్‌ను గుర్తించడం, అవసరమైతే ఇంజెక్షను చేయడం నేర్చుకున్నారు. మూడో ఏటికి ఆ ఊళ్ళలో, పోల్చిచూసిన ఊళ్ళకంటే నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఈ ఫలితం 1999లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. దాని బాటలోనే 2011 నుంచి ఆశా కార్యకర్తలు ఇళ్ళకు వస్తున్నారు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను 3, 7, 14, 21, 28, 42 రోజులలో చూస్తారు. "మాకు ప్రైవేటు డాక్టరున్నాడమ్మా" అని గుమ్మంలోంచే పంపివేయకండి.

మరొక హెచ్చరిక. ఇంట్లో మిగిలిన యాంటీబయాటిక్ సిరప్పు పట్టించడం, మందుల షాపువారిని అడిగి మందు తేవడం చేయవద్దు. ఢిల్లీలో మూడు పెద్ద ఆసుపత్రులలో జరిగి, 2016లో వెలువడిన పరిశీలనలో శిశువులకు సోకిన క్రిములు చాలావరకు ఎన్నో మందులకు లొంగనివిగా తేలాయి. డాక్టరు చెప్పిన ఇంజెక్షన్లు పూర్తికాకుండా, బిడ్డ తేరుకున్నాడు కదా అని డిశ్చార్జి అడగవద్దు.

108 వాహనం ఉచితం. జబ్బుచేసిన పసిబిడ్డకు ప్రభుత్వ ఆసుపత్రిలో వైద్యం, మందులు, పరీక్షలు కూడా ఉచితం. దారిలో బిడ్డను తల్లి ఎదకు ఆనించి, వెచ్చగా కప్పి, తాగగలిగితే పాలిస్తూ తీసుకువెళ్ళాలి.

ఈ సంచిక ఇంటికి చేరాక, పురుడు రానున్న ఇంట్లో కోడలికీ కొడుకుకీ కూడా చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాను.