కాలు ఎంచుకొను బాట

గని కూత వినబడినది. రాత్రి షిఫ్టు దిగినవారు వెలుపలికి వచ్చుచున్నారు. పగటి షిఫ్టునకు పోవువారు లోనికి నడచుచున్నారు. గోదావరిఖనిలో ఈ దృశ్యము దినమునకు మూడుమారులు కానవచ్చును. నేడు మోటారు సైకిళ్లు పెరిగినవి. అయినను సైకిలు తొక్కువారును, కాలినడకను పోవువారును మనలో ఇంకను కలరు. ద్వారము దాటినంతనే జనము చీలిపోవును. తారురోడ్డు ఎదుటనే యున్నను కొందరు దానిని విడిచి, తుమ్మచెట్ల నడుమనున్న సన్నని కాలిబాట పట్టుదురు. ఆ బాటను ఏ ఇంజనీరును గీయలేదు. ఏ గుత్తేదారును వేయలేదు. పాదములే దానిని వేసినవి.

వారు ఆ బాటనే ఏల ఎంచుకొనిరి? దగ్గర గనుక, అని మనము వెంటనే చెప్పుదుము. ఆ సమాధానము సగమే సత్యము.

అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరములో పరిశోధకులు 164 మంది సైకిలువారికి, ఉపగ్రహముల సహాయమున స్థానమును గుర్తించు పరికరముల నిచ్చి, వారు పోయిన దారులన్నిటిని నమోదు చేసిరి. 2012లో ఆ ఫలితములు ప్రకటింపబడినవి. సైకిలువాడు దూరమును లెక్కించును, నిజమే. కాని మలుపులను, ఎత్తును, వాహనముల రద్దీని సైతము లెక్కించును. రద్దీ లేని దారి దొరకునేని కొంత చుట్టు తిరుగుటకైనను సిద్ధపడును. శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జరిగిన పరిశోధన 2011లో వెలువడినది. నిటారు దారులను సైకిలువారు ఇష్టపడరనియు, స్త్రీలును, పనికి పోవువారును వానిని మరింతగా తప్పించుకొందురనియు అందు తేలినది.

పాదచారి మనస్సు ఇంకను విచిత్రమైనది. బోస్టను, శాన్‌ఫ్రాన్సిస్కో నగరములలో 14,000కు పైబడిన పాదచారుల నడకను పరిశీలించిన ఫలితములు 2021లో ప్రకటింపబడినవి. మనుష్యుడు అన్నింటికన్న పొట్టిదారినే పట్టడు. గమ్యమువైపు తిన్నగా ముఖము పెట్టియున్నట్లు తోచు దారిని పట్టును. అందుచేతనే పోయిన దారి ఒకటి, వచ్చిన దారి వేరొకటి యగుచుండును. మన యింటినుండి అంగడికి పోయి వచ్చు దారిని ఒకమారు తలచుకొన్నచో ఈ మాట నిజమని తోచును.

ఇక బాట ఎట్లు పుట్టును? 1997లో హెల్బింగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడును, ఆయన సహచరులును దీనిని గణితముతో వివరించిరి. ఒకడు నడచినచోట గడ్డి అణగును. అణగిన చోట నడక సుళువగును. రెండవవాడు అచ్చటనే అడుగిడును. నడచువారు లేనినాడు గడ్డి మరల మొలచి బాటను మూసివేయును. కాబట్టి కాలిబాట యనగా పలువురు కలిసి, ఒకరితో నొకరు మాటలాడకయే, కుదుర్చుకొన్న ఒడంబడిక.

ఈ శాస్త్రముతో మనకేమి పని యందురా? బొగ్గుసీమలో నేల నిలుకడగా నుండదు. ఓపెన్‌కాస్టు గని తెరచినచోట పాత బండ్లబాటలు తెగిపోవును. పొలమున్నచోట మట్టిదిబ్బ లేచును. నిన్న తిన్నగా పోయిన మనిషి నేడు చుట్టు తిరుగవలసి వచ్చును. ఆ చుట్టుదారిలో బొగ్గు లారీలు ఎదురగును. హైదరాబాదునుండి వచ్చు రాజీవ్ రహదారి పట్టణము గుండానే పోవుచున్నది. రాత్రి షిఫ్టు ముగించి, నిద్ర కన్నులతో దానిని దాటువానికి దారి యెంపిక కేవలము సౌకర్యము కాదు. ప్రాణముతో కూడిన లెక్క.

పరదేశపు లెక్కలను యథాతథముగా ఇచ్చటికి తెచ్చుకొనరాదు. రామగుండమున వేసవి యెండ 45 డిగ్రీలను దాటుట కలదు. మన లెక్కలో నీడకును చోటుండవలెను. ఒక వేపచెట్టు మనిషిని నూరు అడుగులు పక్కకు లాగగలదు. రాత్రివేళ ఒక దీపము సైతము అట్లే లాగును.

గోడ కట్టకమునుపు, రోడ్డు వేయకమునుపు, మూడు షిఫ్టులలోను ఒక వారము నిలిచి, ఎవరు ఎటు నడచుచున్నారో వ్రాసికొనిన చాలును. దీనికి ఉపగ్రహములు అక్కరలేదు. కాగితము, పెన్సిలు చాలును. కాలిబాట రహదారిని తాకుచోటనే దీపమును, దాటుటకు గుర్తులను ఏర్పరుపవలెను. అరమైలు దూరమున ఏర్పరచి, జనమునకు క్రమశిక్షణ లేదనుట న్యాయము కాదు. ఎత్తైన వంతెన కట్టి, పని చేసి అలసిన కాళ్లు దాని మెట్లెక్కలేదని నిందించుటయు అట్టిదే.

అడ్డదారి యను మాటకు మన భాషలో చెడ్డ యర్థము కూడ కలదు. కాని షిఫ్టు దిగి యిల్లు చేరుటకు తొందరపడు మనిషి త్రొక్కిన అడ్డదారిలో మోసము లేదు. అది ఆతడు నేలపై వ్రాసియుంచిన విన్నపము. చదువవలసినవారు దానిని చదువవలెను.