పిల్లల కేంద్రానికి కన్సల్టెంటు అవసరమా?

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



మన సొసైటీ ఇంతకాలం స్కాలర్‌షిప్పులు, పుస్తకాలు, ఫీజుల రూపంలో బడికి వెళ్లే పిల్లలకు సాయం చేస్తూ వచ్చింది. బడి వయసు రాని పిల్లల కోసం గుంటూరులో ఒక సంరక్షణ కేంద్రం తెరవాలని ఈ ఏడాది తలపెట్టాం. మిర్చి గోదాముల్లో తొడిమలు తీసే తల్లుల పిల్లల కోసం ఈ ఆలోచన. అక్కడ కూలి కిలోల లెక్కన. తల్లి ఎంతసేపు కూర్చుంటే అంత సంపాదన. చంటిబిడ్డను వెంట తీసుకెళితే ఆ ఘాటులోనే పడుకోబెట్టాలి. ఇంట్లో వదిలితే ఎనిమిదేళ్ల అక్క బడి మానేసి చూసుకోవాలి. మిర్చి సీజను రాగానే మా హాజరు పట్టీల్లో ఆడపిల్లల పేర్ల ఎదుట ఖాళీలు పెరగడానికి ఇదొక కారణం. అంటే ఈ కేంద్రం చంటిబిడ్డతో పాటు ఆ అక్క చదువునూ కాపాడుతుంది.

50 మంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో క్రెష్ ఉండాలని 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించారు. రోజుకూలీగా, ఇవాళ ఒక గోదాములో రేపు మరో గోదాములో పనిచేసే తల్లికి అలాంటి నిబంధన చేతికి అందడం కష్టం. అందుకే ఈ పని మనలాంటి వారి మీద పడింది.

ఇక అసలు విషయానికి వస్తాం. కమిటీలో రెండు అభిప్రాయాలు వచ్చాయి. భవనం, బొమ్మలు, సిబ్బంది, సిలబస్, బోర్డు దాకా అన్నీ ఒక కన్సల్టెంటుకు అప్పగిస్తే మనకు తలనొప్పి ఉండదని కొందరు పెద్దలు అన్నారు. దాతల సొమ్ము ఫీజుకు పోయడం ఎందుకు, మనలో ఇంతమంది టీచర్లు లేరా అని మరికొందరు అడిగారు. రెండింటిలోనూ నిజం ఉంది.

టీచర్లుగా మేము ముందే ఒక మాట చెప్పాలి. బి.ఇడి. చదువు మాకు హైస్కూలు పిల్లలకు పాఠం చెప్పడం నేర్పింది. తొమ్మిది నెలల బిడ్డ గొంతులో ముద్ద అడ్డం పడితే ఏం చేయాలో నేర్పలేదు. చంటిపిల్లల సంరక్షణ వేరే విద్య. టీచర్లున్నారు కదా, చాలు అనుకోవడం సరికాదు.

అలాగని మొత్తం కొనుక్కోవలసిన పనీ లేదు. కన్సల్టెంట్లు చెప్పే చాలా సంగతులు ప్రభుత్వ పత్రాల్లో ఉచితంగా దొరుకుతాయి. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం ప్రకారం మూడేళ్లలోపు పిల్లలు 10 మందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు 20 మందికి ఒకరు చొప్పున పెద్దవాళ్లు ఉండాలి. 30 మంది పిల్లలకు లోపల 35 చదరపు మీటర్ల గది, బయట 30 చదరపు మీటర్ల ఆటస్థలం కావాలి. ప్రైవేటు ప్లే స్కూళ్ల కోసం జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ 2017లో మార్గదర్శకాలు ఇచ్చింది. క్రెష్‌ల కోసం కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2018లో ఇచ్చింది. మూడేళ్లు దాటిన పిల్లలతో ఏం చేయించాలో 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ పాఠ్యప్రణాళిక చట్రం వివరంగా చెబుతుంది. ఇవన్నీ చదవడం, సీడీపీఓ ఆఫీసుకు వెళ్లి సందేహాలు అడగడం మా కమిటీ చేయగలదు. దీనికి దాతల సొమ్ము ఒక్క రూపాయి అక్కర్లేదు.

కొన్ని సంగతులు మన దగ్గరే ఉన్నాయి, బయటివారికి తెలియవు. పని ఎన్నింటికి మొదలవుతుంది, సీజనులో ఎంత పొద్దుపోతుంది, రంజాన్‌లో వేళలు ఎలా మారతాయి అన్నది తల్లులే చెప్పాలి. మన పిల్లల్లో చాలామందికి ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు. ఆయాకు రెండూ రావాలి. మరో చిన్న సంగతి. మిర్చి పని చేసి వచ్చిన తల్లి ఆ చేతులతో బిడ్డను ఎత్తుకుంటే పసి కళ్లు మండుతాయి. గుమ్మం దగ్గరే సబ్బు, నీళ్లు, పైబట్ట మార్చుకునే చాటు ఉండాలి. పెద్ద నగరాల ప్లే స్కూలు నమూనాలో రంగు గోడలు ఉంటాయి కానీ ఈ కుళాయి ఉండదు.

అయితే డబ్బు ఎక్కడ పెట్టాలి? మన చేత కాని పనుల మీద పెట్టాలి. అవి మూడు. మొదటిది, భవనం భద్రత. కరెంటు, గ్యాస్, మెట్లు, రెండో దారి చూసి సంతకం పెట్టే ఇంజనీరు. రెండోది, ఆయాల శిక్షణ. తెరవక ముందు కొన్ని వారాలు, తెరిచాక ఏడాది పాటు నెలకోసారి వచ్చి చూసి దిద్దే నిపుణురాలు. మూడోది, పిల్లల రక్షణ నియమాలు. సిబ్బంది పోలీసు వెరిఫికేషన్, బిడ్డను ఎవరికి అప్పగించాలి, అనుమానం వస్తే పోక్సో చట్టం కింద ఎవరికి చెప్పాలి అన్నవి తెలిసినవారితో రాయించుకోవాలి. ఈ మూడింటి దగ్గర పిసినారితనం వద్దు. ఇక్కడ పొరపాటు జరిగితే నష్టపోయేది నోరులేని బిడ్డ.

ఈ పద్ధతి కొత్తది కాదు. మాంటిస్సోరి 1907లో రోమ్ నగరంలో కూలివాళ్ల ఇళ్ల మధ్య తన మొదటి కేంద్రం తెరిచినప్పుడు పిల్లలను రోజూ చూసుకున్నది ఆ భవనం కాపలాదారు కూతురు. మాంటిస్సోరి వచ్చి గమనించేది, దారి చూపేది. 1969లో ఢిల్లీలో భవన నిర్మాణ కూలీల పిల్లల కోసం మొదలైన మొబైల్ క్రెషెస్ సంస్థ కూడా స్థానిక మహిళలకు శిక్షణ ఇచ్చి నడిపిస్తూ వచ్చింది. పిల్లలను చూసేది మన పేటల ఆడవాళ్లే కావాలి, వాళ్లకు నేర్పేది నిపుణులు కావాలి.

ఎవరితో మాట్లాడినా నాలుగు ప్రశ్నలు అడగాలని కమిటీ అనుకుంది. మూడేళ్ల క్రితం మీరు పెట్టించిన కేంద్రం ఇప్పుడు ఎలా ఉంది? ఆ ఆయాలతో, తల్లులతో మేము విడిగా మాట్లాడవచ్చా? బొమ్మలు, ఫర్నిచర్ అమ్మే దుకాణం నుంచి మీకేమైనా ముడుతుందా? తెరిచిన తర్వాత ఎన్నిసార్లు వస్తారు? ఫీజు ఒకేసారి ఇవ్వకుండా పని పూర్తయిన మేరకు విడతలుగా ఇవ్వాలి. కాగితాలన్నీ తెలుగులో ఉండాలి, ఆయా చదవగలగాలి. ఖర్చులో శాతం ఫీజుగా అడిగేవారితో ఒప్పందం వద్దు. ఖర్చు పెరిగితే లాభపడేవారు పొదుపు చెప్పరు.

ఒక లెక్క చూడండి. ఉదాహరణకు ఫీజు 3 లక్షలు, ఆయా జీతం నెలకు 12 వేలు అనుకుందాం. ఆ ఫీజుతో ఒక ఆయాకు 25 నెలలు జీతం ఇవ్వవచ్చు. 30 మంది పిల్లల్లో 10 మంది మూడేళ్లలోపు వారైతే నిబంధన ప్రకారం ఇద్దరు చాలు. కానీ ఒకరు బిడ్డకు బట్టలు మార్చడానికి వెళ్లినా, జ్వరం వచ్చి సెలవు పెట్టినా గదిలో ఎవరు మిగులుతారు? కనీసం ముగ్గురు, వంటకు వేరే ఒకరు కావాలి. మూడో ఆయాను తగ్గించి కన్సల్టెంటుకు ఇవ్వడం మాకు ససేమిరా సమ్మతం కాదు.

కాబట్టి మా సిఫారసు ఇది. మొత్తం కాంట్రాక్టు వద్దు. పైన చెప్పిన మూడు పనులకు మాత్రం, పనిని బట్టి, రాతపూర్వకంగా నిపుణులను పెట్టుకుందాం. కన్సల్టెంటు ఉన్నా లేకపోయినా పిల్లలకు జవాబుదారీ మనమే. జకాత్ సొమ్ము లెక్క వేరుగా ఉంచి, దాన్ని ఏ ఖర్చుకు వాడవచ్చో ఉలమాలను అడిగే నడుచుకుందాం. ఫీజులకు సాధారణ విరాళాలు వాడుకుందాం.

దాతలకు ఒక మనవి. గది కట్టిస్తే గోడ మీద పేరు ఉంటుంది. ఆయా జీతానికి శిలాఫలకం ఉండదు. అయినా కేంద్రం నడిచేది ఆ జీతం మీదే. మొదటి మూడేళ్ల జీతాలకు నెలవారీ చందా రాసే దాతలు కావాలి. ఆ మాట ఇచ్చినవారు సరిపడా దొరికాకే తలుపులు తెరుద్దాం. అలవాటుపడిన తల్లి ఒకరోజు పొద్దున్నే బిడ్డను ఎత్తుకొని వచ్చి తాళం చూడకూడదు.

ఈ పసిపిల్లలు మన చేతిలో అమానత్. ఆ అమానత్‌ను నిలబెట్టుకునే శక్తిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.