ఆటస్థలం ఊరి ఆస్తి



ఊరు విడిచి వచ్చినవారికి ఇల్లు గుర్తున్నంతగా ఆటస్థలమూ గుర్తుంటుంది. ఎలక్ట్రానిక్ సిటీలోనో, బొమ్మసంద్రలోనో పనికి కుదిరి చందాపురలో స్థిరపడిన తెలుగువారు ఇద్దరు కలిస్తే, మాట ఎక్కడ మొదలైనా బడి వెనుక మైదానం దగ్గరికి చేరుతుంది. ఇక్కడ పుట్టిన వారి పిల్లలు రేపు ఏ మైదానాన్ని తలచుకుంటారు? నేటి ప్రసంగం ఆ ప్రశ్నను గురించే.

తెలుగునాట ఫుట్‌బాల్ చరిత్ర చిన్నది కాదు. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచింది. ఆ జట్టును తీర్చిదిద్దినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. ఉపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఏషియన్ క్రీడల స్వర్ణపతకం పొందింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. మెల్బోర్న్‌కు వెళ్లిన తులసీదాస్ బలరాం సికింద్రాబాదు చేరువలోని అమ్ముగూడలో పుట్టినవాడు. 2024లో వచ్చిన 'మైదాన్' చిత్రంతో రహీం పేరు మళ్లీ వినబడింది. అయితే చిన్న చిన్న జట్లు ఆడిన నేలల పేర్లు ఏ చిత్రంలోనూ కనబడవు. చూసినవారి నోటనే నిలుస్తాయి, వారితోనే పోతాయి.

బెంగళూరుకూ అటువంటి వారసత్వమే ఉంది. అంతవరకు బ్రిటిషు సైనిక దళాల చేతుల్లోనే ఉన్న రోవర్స్ కప్పును 1937లో బెంగళూరు ముస్లిమ్స్ జట్టు గెలుచుకుంది. హలసూరు చేరువలోని గౌతమపుర ఇరుకు వీధుల పేట. అయినా అక్కడి జనం పేలేకు విగ్రహం నిలిపారు.

1948 జులై 31న లండన్ శివారులోని ఇల్‌ఫర్డ్‌లో భారత్ ఫ్రాన్సుతో తలపడింది. మనవారిలో ఎక్కువమంది బూట్లు లేకుండానే ఆడారు. ఆట 2-1తో ఓడినా, మైసూరు ఆటగాడు సారంగపాణి రామన్ స్వతంత్ర భారతానికి ఒలింపిక్స్‌లో తొలి గోలు సాధించాడు. ఆ ఊరి ఔత్సాహిక క్లబ్బు తరువాతి కాలంలో తన లిన్ రోడ్డు మైదానాన్ని వదులుకుంది. 1979లో పొరుగు క్లబ్బుతో కలిసిపోయింది. నేల పోయిన జట్టుకు పేరు నిలవడం ఎక్కడైనా కష్టమే.

చందాపుర పిల్లలు సాయంత్రాలు ఆడేది చాలాచోట్ల ఎవరో కొనుక్కున్న ఖాళీ సైటులో. పునాది తవ్విన రోజున ఆట ముగుస్తుంది. ఖాళీ స్థలం వేరు, ఆటస్థలం వేరు. కర్ణాటకలో ఉద్యానాలు, క్రీడాస్థలాలు, బహిరంగ స్థలాల సంరక్షణకు 1985 నాటి చట్టం ఉంది. అటువంటి స్థలాలకు జాబితా ఉండాలని అది చెబుతుంది. తమ వార్డులోని ఆటస్థలం ఆ జాబితాలో ఉన్నదా అని పురసభ కార్యాలయంలో అడగడానికి ఏ భాష మాట్లాడేవారికైనా హక్కు ఉంది. తెలుగువారు కన్నడ, తమిళ పొరుగువారితో కలిసి అడిగితే ఆ మాటకు బలం పెరుగుతుంది.

పెద్దలు ఒక పని చేయవచ్చు. తాము ఆడిన మైదానం పేరు, అది ఎక్కడున్నదీ, ఎవరెవరు ఆడినదీ ఒక కాగితం మీద రాసి పిల్లల చేతికివ్వాలి. అది చదివిన పిల్లలు "మరి మా మైదానం ఏది?" అని అడుగుతారు. ఆ ప్రశ్నకు జవాబు చూపడం ఊరి బాధ్యత.