బండలాగే గిత్తకు హక్కుందా?

తిరునాళ్లంటే గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఒంగోలు గిత్తల బండలాగుడు పోటీలు ఉండాల్సిందే. గిత్తలు మెడలు వంచి, గిట్టలు నేలకు నొక్కిపట్టి బండను కదిలిస్తుంటే చూడముచ్చటే. మరి చర్నాకోల దెబ్బ మాటేమిటి?

2014లో జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు, పశువుకూ గౌరవంగా బతికే హక్కుందంది. అంతకుముందు ఏడాదే కేంద్రం, తెలివైన డాల్ఫిన్లను ప్రదర్శనల కోసం బంధించరాదంది. 2023లో రాజ్యాంగ ధర్మాసనం మాత్రం, జంతువులకు ప్రాథమిక హక్కులున్నాయని చెప్పిన పూర్వ తీర్పులేవీ లేవంది.

అయితే కొట్టొచ్చా? కూడదు. జంతుహింస నిరోధక చట్టం అలాగే ఉంది. పశువును అనవసరంగా బాధపెడితే నేరమే. తెలివి ఎంతన్నది వేరే లెక్క. నొప్పి డాల్ఫిన్‌కూ ఉంది, ఎద్దుకూ ఉంది.

గిత్తలు తోలే అన్నలూ, ఒక్కమాట గుర్తుంచుకోండి. హక్కుల వాదన తేలినా తేలకపోయినా, హింస నేరమే.