అణిగిన కేకు, కొత్త మిఠాయి



పోయిన ఆదివారం మా ఇంట్లో చేసిన కేకు మధ్యలో గుంట పడింది. పిల్లలు ఆత్రం పట్టలేక ఓవెన్ తలుపు పావుగంటకే తెరిచారు. వంటసోడా పుట్టించే బుడగలతో పిండి పొంగుతుంది. గుడ్డూ మైదా వేడికి గట్టిపడకముందే చల్లగాలి తగిలితే ఆ పొంగు కుంగిపోతుంది. సోడా ఎక్కువైనా అంతే.

అలాంటి కేకును దయచేసి పారేయకండి. బోలెడంత వెన్న, గుడ్లు, గంట శ్రమ అందులో ఉన్నాయి. ముందు నడిమి భాగం చూడండి. పచ్చిగా ఉంటే దాన్ని విడదీసి పూర్తిగా కాల్చాలి. పచ్చి గుడ్డు, పచ్చి పిండి కడుపుకు మంచివి కావు, పిల్లలకైతే మరీను.

చల్లారిన అంచులను వేలెడు మందాన కోసి, 150 డిగ్రీల వేడిలో ఒకవైపు పావుగంట, తిరగేసి మరో పావుగంట ఉంచాం. తడి ఆరి, కరకరలాడే రస్కులయ్యాయి. గాలి చొరని డబ్బాలో పెట్టాం, సాయంత్రం టీలోకి.

అసలు రుచి మిగిలిన కేకును చిదిమిన పొడిలో దొరికింది. అందులో యాలకుల పొడి, వేయించిన జీడిపప్పు పలుకులు వేసి, కండెన్స్‌డ్ మిల్క్ చెంచా చెంచాగా కలిపాను. ఒక్కసారే పోస్తే ముద్ద జారుగా అయిపోతుంది. గుప్పిట్లో నిలిచే పదును రాగానే సున్నుండల్లా చుట్టి, ఎండుకొబ్బరి కోరులో దొర్లించాను. పాలున్నాయి కాబట్టి ఫ్రిజ్‌లో పెట్టి, రెండు రోజుల్లో తినేయాలి. మా ఇంట్లో రాత్రికే గిన్నె ఖాళీ.