మరల విద్యార్థియైన ఆచార్యుడు

పాఠము చెప్పువాడు చదువుట మానిన దినముననే అతని పాఠము పాతబడుట ప్రారంభించునని మా గురువులు చెప్పుచుండెడివారు. ఆనాడు ఆ మాట మాకు చమత్కారముగా మాత్రమే తోచినది. తరువాత ఒక జిల్లా కేంద్రమునందలి కళాశాలలో ముప్పది యేండ్లు పాఠములు చెప్పి, అంచులు నలిగిన ఒకే నోటు పుస్తకమును ఏటేట తెరచినప్పుడు గాని దానిలోని యథార్థము మాకు బోధపడలేదు.

విశ్వవిద్యాలయములలోను కళాశాలలలోను పనిచేయు అధ్యాపకులు ఉన్నతవిద్యకై విదేశములకు పోవుటకు ఏర్పడిన విద్యార్థివేతనములను గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. శ్రోతలలో కొందరు, “దీనితో మాకేమి పని?” అని అనుకొనవచ్చును. మీ యింటి పిల్లలు కళాశాలకు పోవుచున్నచో మీకు తప్పక పని కలదు. పిల్లవాడొకడు విదేశమునకు పోయి చదివి వచ్చినచో ఒక కుటుంబము బాగుపడును. వానికి పాఠము చెప్పు అధ్యాపకుడు పోయి చదివి వచ్చినచో, ఆ తరగతిలో ఏటేట కూర్చుండు పిల్లలందరును ఇల్లు కదలకయే ఆ చదువులో పాలు పంచుకొందురు. ఈ రెంటికి గల భేదమును మనము మనసున నుంచుకొనవలెను.

ఇట్టి విద్యార్థివేతనములలో మన దేశమున పేరు వినని అధ్యాపకుడు లేనిది ఫుల్‌బ్రైట్ పథకము. దాని పుట్టుక విచిత్రమైనది. రెండవ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట అమెరికా సైన్యమునకు చెందిన సామగ్రి అనేక దేశములలో మిగిలిపోయినది. దానిని కొనుటకు ఆ దేశముల చేతిలో డాలర్లు లేవు. తమ తమ నాణెములలో మాత్రము చెల్లింపగలవు. ఆ నాణెములు అమెరికాలో చెల్లవు. అర్కన్సా రాష్ట్రమునకు చెందిన సెనేటర్ విలియం ఫుల్‌బ్రైట్ దీనికొక ఉపాయము చెప్పెను. ఆ సొమ్మును ఆయా దేశములలోనే యుంచి, విద్యార్థులును ఆచార్యులును ఒక దేశమునుండి మరియొక దేశమునకు పోయి చదువుటకు వెచ్చింపుడనెను. ఆ శాసనముపై అధ్యక్షుడు ట్రూమన్ 1946 ఆగస్టు 1వ తేదీన సంతకము చేసెను. యుద్ధమున మిగిలిన ఇనుము ఈ విధముగా చదువులకు పెట్టుబడి యయ్యెను.

ఈ ఊహ ఫుల్‌బ్రైట్‌కు ఊరకే కలిగినది కాదు. ఆయన యౌవనమున రోడ్స్ విద్యార్థివేతనముపై ఆక్స్‌ఫర్డ్‌లో చదివినవాడు. స్వదేశమునకు మరలివచ్చి న్యాయశాస్త్రము బోధించినవాడు. సెనేటర్ కాకమునుపు అర్కన్సా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షుడుగా పనిచేసినవాడు. పరదేశమున చదివి వచ్చినవాని కన్ను ఎట్లు మారునో ఆయనకు స్వానుభవమున తెలియును.

మన దేశమునకు సంబంధించిన ఒడంబడికపై 1950 ఫిబ్రవరి 2వ తేదీన ప్రధానమంత్రి జవాహర్‌లాల్ నెహ్రూ, అమెరికా రాయబారి లాయ్ హెండర్సన్ సంతకములు చేసిరి. మరుసటి యేడు మన దేశమున తిండిగింజల కొరత తీవ్రమైనది. అప్పుడు గోధుమలు కొనుటకై అమెరికా మనకు 19 కోట్ల డాలర్ల ఋణమిచ్చినది. ఆ ఋణముపై మనము చెల్లించు వడ్డీలో 50 లక్షల డాలర్ల వరకు మన విద్యాసంస్థలకు గ్రంథములు, ప్రయోగశాలా పరికరములు సమకూర్చుటకును, ఉభయ దేశముల విద్వాంసుల రాకపోకలకును వినియోగించునట్లు ఏర్పాటు జరిగెను. మనము తిన్న గోధుమల వడ్డీయే మన గ్రంథాలయములలో పుస్తకములుగా వెలసినదన్నమాట.

2008 జూలైలో ఉభయ ప్రభుత్వములును క్రొత్త ఒడంబడిక చేసికొన్నవి. నాటినుండి ఈ పథకమునకు భారత ప్రభుత్వము కూడ సమాన భాగస్వామియైనది; పేరు కూడ ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్ అయినది. ఈ మార్పులోని అంతరార్థము గమనింపదగినది. ఒకప్పుడు మన అధ్యాపకుడు అతిథిగా పోయెను. ఇప్పుడు మన సొమ్ముతో కూడ పోవుచున్నాడు. కనుక అతడేమి తెచ్చెనని అడుగు హక్కు మనకును కలిగినది.

ఇట్లు పోయివచ్చుటవలన ఏమి లభించును? విద్యార్థివేతనముల మాట అటుంచి, పనిచేయుచు నడుమ పరదేశమున చదివి వచ్చిన ఇద్దరు తెలుగు విద్వాంసుల చరిత్రము చూతము.

కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితశాస్త్రము చదివి, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరిరి. 1946లో ఆ సంస్థ వారిని కేంబ్రిడ్జికి పంపెను. సూడాన్ దేశమున జెబెల్ మోయా అనుచోట త్రవ్వకములలో దొరికిన ప్రాచీన అస్థిపంజరముల కొలతలను గణాంకరీతిని పరిశీలించుట అచ్చటి వస్తుప్రదర్శనశాలలో వారి పని. ఆ పని చేయుచునే, ఫిషర్ పండితుని పర్యవేక్షణమున పరిశోధన సాగించి 1948లో డాక్టరేటు పొందిరి. పిమ్మట కలకత్తాకు మరలివచ్చి దాదాపు మూడు దశాబ్దములు ఆ సంస్థలోనే శిష్యులను తయారుచేసిరి. 1963లో వారి పర్యవేక్షణమున డాక్టరేటు పొందిన శ్రీనివాస వరదన్‌గారికి 2007లో గణితశాస్త్రమునకు ఇచ్చు ఆబెల్ బహుమతి లభించినది. గురువు కేంబ్రిడ్జిలో గడపినది రెండేండ్లు. ఆ రెండేండ్ల ఫలము తరముల వరకు ప్రాకినది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఆంధ్ర విశ్వవిద్యాలయమున తెలుగు ఉపన్యాసకులు. తెలుగు చెప్పువారికి అమెరికాలో ఏమి పని యని ఆనాడు నవ్వినవారు ఉండియుందురు. ఆయన పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రము అభ్యసించి 1957లో డాక్టరేటు పొందిరి. తెలుగు క్రియాధాతువులపై ఆయన వ్రాసిన గ్రంథమును కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమువారు 1961లో ప్రచురించిరి. 1962లో ఉస్మానియా విశ్వవిద్యాలయమున భాషాశాస్త్రాచార్యులైరి. ఆ సంవత్సరముననే ఆయన సంపాదకత్వమున వ్యవసాయ పదముల మాండలిక వృత్తి పదకోశము వెలువడెను. అది నాగలి భాగములకు, నేల తీరులకు, పైరు దశలకు తెలుగు రైతులు జిల్లా జిల్లాకు వాడు పదములను ప్రోగుచేసిన గ్రంథము. సముద్రములు దాటి నేర్చిన శాస్త్రమును ఆయన మన పొలముగట్టు మీదికి తెచ్చిరి. విదేశ విద్యకు ఇంతకు మించిన సార్థకత ఏమి కలదు?

ఇక ఈ వేతనములను కోరు అధ్యాపకులకు రెండు మాటలు. మార్గములు ఒకటి కాదు. ఫుల్‌బ్రైట్-నెహ్రూ ఫెలోషిప్పులలో అధ్యాపకులు అమెరికాలో పరిశోధన చేయుటకును, బోధించుటకును, లేక ఆ రెండును కలిపి చేయుటకును వీలు కలదు. జర్మనీలో 1953లో పునఃస్థాపితమైన హంబోల్ట్ సంస్థ డాక్టరేటు పొందిన పరిశోధకులకు వేతనములిచ్చును. దానికి అచ్చటి ఆచార్యుడొకడు ముందుగనే ఆతిథ్యమునకు అంగీకరింపవలెను. 1925లో ఆరంభమైన జర్మన్ విద్యావినిమయ సంస్థ మరియొకటి. 1959లో ఆక్స్‌ఫర్డ్‌లో జరిగిన కామన్వెల్త్ విద్యాసమావేశమునుండి పుట్టినది కామన్వెల్త్ విద్యార్థివేతన పథకము. నియమములు, గడువులు ఏటేట మారుచుండును గనుక ఆయా యేటి ప్రకటనను చూచుకొనుటయే మేలు. ఎవరో చెప్పిన మాట పట్టుకొని కూర్చుండరాదు.

దరఖాస్తు వ్రాయుటలో మనవారు తరచుగా చేయు పొరపాటొకటి కలదు. “జ్ఞానాభివృద్ధికై పోదలచితిని” అని వ్రాయుదురు. అది ఎవరైనను వ్రాయగల వాక్యము. నీవు అడుగు ప్రశ్న ఏది? దానికి సమాధానము వెదకుటకు ఆ విశ్వవిద్యాలయమే ఏల? ఆ ఆచార్యుడే ఏల? మరలివచ్చి నీ తరగతిలో ఏమి మార్చెదవు? ఈ నాలుగింటికి సూటిగా బదులు చెప్పగలిగినచో దరఖాస్తు సగము పూర్తియైనట్లే. చివరి ప్రశ్నకు బదులు లేనివారు పోకుండుటయే మంచిది. ఆంగ్లము ధారాళముగా రాదని, చిన్న ఊరి కళాశాలయని వెనుదీయనక్కరలేదు. చిన్న ఊరిలో ఉన్నవానికి పెద్ద నగరమున కానరాని ప్రశ్నలు కానవచ్చును.

దీనికి మా యెరుకలోని నిదర్శనము ఒకటి చెప్పెదము. మా కళాశాలలో రసాయనశాస్త్రము చెప్పు మిత్రుడొకడు తొమ్మిది నెలలు అమెరికాలో నుండి వచ్చెను. క్రొత్త యంత్రములను గూర్చి చెప్పునని మేమందరము ఎదురుచూచితిమి. “యంత్రముల సంగతి తరువాత. అచ్చట మొదటి సంవత్సరపు పిల్లలకు సైతము, బదులు పుస్తకములో లేని ప్రశ్న ఇత్తురు. నేను చూచిన వింత అదియే” అని అతడనెను. మా ప్రాంతమున బావినీటిలో ఫ్లోరైడు బాధ పూర్వమునుండి కలదు. నేటి ప్రకాశం జిల్లా గ్రామములు నెల్లూరు జిల్లాలో ఉన్న కాలముననే, 1937లో, ఈ వ్యాధిని వైద్యులు గుర్తించి ప్రకటించిరి. మా మిత్రుడు తన తరగతి పిల్లలను ఎవరి ఊరి నీరు వారు సీసాలతో తెండనెను. ప్రయోగశాలలో ఉన్న కొద్దిపాటి సాధనములతోనే పరీక్ష చేయించెను. ఏ ఊరిలో ఏ బావినీరు త్రాగుటకు పనికిరాదో గోడమీద పటము వ్రాయించెను. ఒక పిల్లవాడు సెలవులకు ఇంటికి పోయి, ముత్తవ్వను ఒప్పించి, నీరు తెచ్చుకొను బావిని మార్పించెనట. మా మిత్రుడు అమెరికానుండి తెచ్చిన సామానులో మిక్కిలి విలువైనది ఆ ప్రశ్నయే.

రెండవ నిదర్శనము చెప్పుట మాకు కష్టము. అయినను చెప్పక తప్పదు. అదే కళాశాలలో వృక్షశాస్త్రము చెప్పువారొకరుండిరి. అడవి మొక్కలను గూర్చి ఆయనకు తెలిసినంత ఆ జిల్లాలో మరెవ్వరికిని తెలియదు. రెండు పర్యాయములు తిరస్కృతుడై, మూడవ పర్యాయము ఆయన విద్యార్థివేతనమునకు ఎంపికయ్యెను. సెలవు కోరుచు పాలకవర్గమునకు వ్రాసికొనెను. “ఈయన పోయినచో పాఠములెవరు చెప్పుదురు?” అను ప్రశ్న వచ్చెను. శాఖాధిపతులను సంప్రదించిరి. పరీక్షలు సమీపించినవనియు, బదులు మనిషి దొరకుట దుర్లభమనియు, మరుసటి యేట చూతమనియు మేము వ్రాసితిమి. అవును, ఆ కాగితముపై మా చేవ్రాలు కలదు. మరుసటి యేట అట్టి అవకాశము రాలేదు. ఆయన మమ్ము ఒక్క మాటయు అనలేదు. పదవీ విరమణ దినమున తాను జీవితమంతయు సేకరించిన ఎండుమొక్కల కట్టలను కళాశాలకే ఇచ్చి, ఇంటికి పోయెను. ఆ కట్టలకు పేర్లు సరిచూచి, గ్రంథముగా చేయు విద్యయే ఆయన నేర్వగోరినది.

ఆనాడు మేము ఒక యేటి పాఠములను కాపాడితిమనుకొంటిమి. ముప్పది యేండ్ల పాఠములను పోగొట్టితిమని తరువాత తెలిసినది. అందువలన విద్యాసంస్థలను నడపువారికి మా మనవి యిది: విద్యార్థివేతనము ఇచ్చువాడు విమానపు టిక్కెట్టు ఇచ్చును, భత్యము ఇచ్చును, సెలవు మాత్రము మీరే ఇవ్వవలెను. ఇచ్చినది అయిష్టముగా గాక ఆదరముతో ఇండు. మరలివచ్చినవానికి క్రొత్త పాఠము చెప్పుటకు ఒక గంటయైనను కేటాయింపుడు. లేకున్నచో అతడు తెచ్చిన కాగితములు పెట్టెలోనే పసుపుబారును. అమెరికాకు ఫుల్‌బ్రైట్ పథకముపై పోయినవారు మొత్తము రెండేండ్లు స్వదేశమున నివసించిన గాని అచ్చట స్థిరపడుటకు సామాన్యముగా వీలులేదను నియమము కలదు. ఆ నియమము మనిషిని రప్పింపగలదు. మనసును రప్పించునది మన ఆదరము మాత్రమే.

గృహిణులకును ఒక మాట. ఇంటి యజమాని యైనను, యజమానురాలైనను చదువునకై కొన్ని నెలలు దూరముండుట సులభము కాదు. పసిపిల్లలు, ముసలివారు, అప్పులు, జబ్బులు అన్నియు మిగిలినవారి మీద పడును. పోయివచ్చినవాని పేరు పత్రికలలో వచ్చును. ఇల్లు నిలిపినవారి పేరు రాదు. ఆ చదువులో వారి పాలు సగమని మేము భావించుచున్నాము.

పోలేనివారికి దారి లేదని నిరాశ వలదు. 1964లో హైదరాబాదున ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణమున అమెరికా అధ్యయన పరిశోధన కేంద్రము ఏర్పడినది. ఆ గ్రంథాలయమును ఆశ్రయించి, దేశము దాటకయే దూరదేశపు సాహిత్యముపై పరిశోధన చేసిన కళాశాల అధ్యాపకులు అనేకులు. పుస్తకము మనవద్దకు వచ్చుట కూడ ఒక విధమైన ప్రయాణమే.

మన పూర్వులు విద్యకై కాశికి పోయెడివారు. పోయినవాడు గంగనీరు చెంబులో తెచ్చి ఊరివారికందరకు తలకొక చుక్క పంచెడివాడు. తానొక్కడే స్నానము చేసి వచ్చితినన్నచో ఊరు మెచ్చెడిది కాదు. నేటి అధ్యాపకుని విదేశయాత్రకును అదియే ధర్మము. ఈ యేడు మీ ఊరి కళాశాలలో ఎవరైనను అట్టి ప్రయాణమునకు సెలవు కోరినచో, ఆ కాగితము ఎవరి బల్లమీదికి వచ్చునో వారు మా వృక్షశాస్త్ర మిత్రుని ఒక్కసారి తలచుకొని సంతకము చేయుదురు గాక.