ఇరుగుపొరుగు వేదన



ఖరగ్‌పూరు మనకు అన్నము పెట్టిన ఊరు. మనలను రైలు ఇచటికి తెచ్చినది. ఈ ఎఱ్ఱమట్టి నేలపై సంతాలులు, ముండాలు, లోధా శబరులు అంతకు ముందునుండియే నివసించుచున్నారు. వారిలో ఒక ఆడుబిడ్డను గూర్చి విన్నవించెదను.

చునీ కోటాల్ 1965లో మేదినీపూరు ప్రాంతమున పేద లోధా కుటుంబమున జన్మించెను. 1985లో పట్టము పొంది, తన తెగ స్త్రీలలో తొలి పట్టభద్రురాలయ్యెను. బాలికల వసతిగృహమునకు పర్యవేక్షకురాలిగా పనిచేసెను. పైచదువులో తనను కులము పేర అవమానించుచున్నారని ఫిర్యాదు చేసెను. 1992 ఆగస్టు 16న ఈ ఖరగ్‌పూరులోనే ఆత్మహత్య చేసికొనెను. అప్పటికామెకు 27 ఏండ్లు.

ఆంగ్లప్రభుత్వము లోధాలను నేరజాతుల పట్టికలో చేర్చినది. 1952లో ఆ చట్టము రద్దయినను, లోకుల మనస్సులలోని ముద్ర చెరగలేదు. ఆత్మహత్యకు కారణము ఒక్కటే యుండదు. దారిద్ర్యము, అప్పు, మద్యము, తీరని వ్యాధి, అవమానము, ఒంటరితనము ఒకదానితో నొకటి పెనవేసికొనును. అది ఏ జాతి రక్తములోనూ లేదు. బ్రతుకు పరిస్థితులలో నున్నది.

మనోవేదన తరచుగా తలనొప్పిగా, నిద్రలేమిగా వైద్యుని కడకు వచ్చును. ఆదివాసికి ఆ రాకయే కష్టము. ఆసుపత్రి దూరము; పోయిన దినమున కూలి లేదు; అచటివారికి అతని భాష తెలియదు. ఒక్క విసురుమాట చాలును, మరల రాడు. ఊరిలోని ఓఝా అతని భాషలోనే మాటాడును, చెప్పునది వినును. ఓఝాను చూచి నవ్వుటకంటె, ఆ వినుటను మన ఆసుపత్రులు నేర్చుకొనుట మేలు.

మనకో, రైల్వే ఆసుపత్రి చేరువలోనే యున్నది. అయినను “నలుగురేమనుకొందురో” యని మనమును దాచుకొనుచున్నాము. వారికి దూరము అడ్డు. మనకు సిగ్గు అడ్డు.

2018 మే 29 నుండి అమలులోనున్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము, ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావించి, వారికి చికిత్స కల్పించు బాధ్యతను ప్రభుత్వముపై నుంచినది. 2022లో ఆరంభమైన టెలీ మానస్‌కు 14416 సంఖ్యతో రేయింబవళ్లు ఉచితముగా ఫోను చేయవచ్చును. తెలుగులోను, బెంగాలీలోను మాటాడవచ్చును.

మన యింట పనిచేయు ఆదివాసి స్త్రీ గాని, మన ప్రక్కన కూర్చుండు సహోద్యోగి గాని మౌనముగా కృశించుచున్నచో మెల్లగా పలుకరింపుడు. “చావవలెనని తోచుచున్నదా?” యని అడుగుటవలన ఆ తలంపు పుట్టదని వైద్యుల మాట. అడిగి, విని, ఆసుపత్రి వఱకు తోడు వెళ్లుడు. ఇరుగుపొరుగువారమని చెప్పుకొనుటకు మనమా పాటి చేయవలదా?